బోరు వినే పాట

పొద్దు పొడవగానే ఇందిరాదేవి మేడ మీది పిట్టగోడ పట్టుకుని కిందికి తొంగి చూసి, "ఏమ్మా ప్రవీణా, ఇంకా మొదలెట్టలేదా?" అని కేక పెట్టేది. ఆ కేకతోనే ఆ ఇంట్లో తెల్లారేది. కోడి అక్కర్లేదు, అలారం అక్కర్లేదు.

కింది పోర్షన్‌లోంచి ప్రవీణ చెంగు నెత్తి మీద కప్పుకుని బయటికొచ్చేది. గేటు పక్కన, స్కూటర్లు పెట్టుకునే చోట బోరు కేసింగ్ పైపు మోకాలెత్తున ఉంటుంది. దాని మూత తీసి, బోర్లించిన బకెట్ మీద కూర్చుని, పైపు మీదికి వంగి పాడేది. అవి వాళ్లమ్మ నాట్లేసేటప్పుడు పాడిన పాటలు. రాగం పొలం గట్లది, మాటలు యేసయ్యవి. మొదటి చరణం అయ్యేసరికి అడుగున ఎక్కడో గుడగుడమనేది. ఇంకో చరణానికి నీళ్లు పైకి ఎగబాకేవి. అప్పుడు ఇందిరాదేవి మోటర్ స్విచ్చి వేసేది. ట్యాంకు నిండేది, మూడు పోర్షన్ల వాళ్లూ స్నానాలు చేసి ఆఫీసులకి పోయేవాళ్లు.

ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. ఎల్బీనగర్ చుట్టుపక్కల ఎండాకాలం నీళ్ల కోసం ఒక్కొక్కరిది ఒక్కో తిప్పలు. కొందరు బోరు ఇంకా లోతుకి దింపిస్తారు, కొందరు ట్యాంకర్ వాడి గడ్డం పట్టుకుని బతిమాలతారు, ఈ ఇంటివాళ్లు ప్రవీణ చేత పాడిస్తారు. వీధిలో వాళ్లు కూడా "పొద్దున ఎన్ని పాటలకి వచ్చినయ్ నీళ్లు?" అనే అడిగేవాళ్లు తప్ప ఎందుకొచ్చాయని ఒక్కరూ అడగలేదు. ట్యాంకర్ డ్రైవర్లు మాత్రం ఆ గేటు ముందుకి రాగానే హారన్ చెవులు పగిలేలా కొట్టి పోయేవాళ్లు. వాళ్ల కడుపుమంట వాళ్లది.

ఇందిరాదేవికి నీళ్లు కావాలి, పాట అక్కర్లేదు. గుంటూరు వైపు నుంచి వచ్చి, భర్త పోయాక ఆ ఇంటినే నమ్ముకుని బతుకుతున్న మనిషి. గొంతు పెద్దది, మనసు సంగతి ఎవరికీ తెలీదు. ట్యాంకు నిండిన గుర్తు కనపడగానే, చరణం మధ్యలో ఉన్నా సరే, "చాలమ్మా, ఇక ఆపు, మిగతాది మీ చర్చిలో పాడుకో" అని పైనుంచి కోసేసేది. ప్రవీణ పాటకి బోర్లో నీళ్లొస్తాయని ఎవరో చెబితే విని ఇల్లు అద్దెకిచ్చింది, ఆ రోజే షరతులు చెప్పింది: నీళ్లొచ్చేదాకా పాడాలి, వచ్చాక నోరు మూసుకోవాలి, ఇంట్లో ప్రార్థనలంటూ పదిమందిని పోగెయ్యకూడదు. ప్రవీణ అన్నిటికీ తల ఊపింది. మంచాన పడ్డ మొగుణ్ని పెట్టుకుని ఇల్లు వెతుక్కునే ఆడది తల ఊపక ఏం చేస్తుంది!

ఆ మొగుడు వీరేందర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీ బస్సు నడిపేవాడు. పిల్లలందర్నీ దింపేసి వస్తూ వస్తూ, ఒకనాడు బస్సుని రోడ్డు పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇండికేటర్ కూడా వేసి, స్టీరింగ్ మీదికి ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి కాలూ కుడి చెయ్యీ పోయాయి. వాటితోపాటు మాట కూడా పోయింది. "మాటలు తలలో ఉన్నాయమ్మా, నోటి దాకా రావడానికి దారి మూసుకుపోయింది" అన్నాడు దవాఖానలో డాక్టర్. ఆ దారి ఎప్పుడు తెరుచుకుంటుందని అడిగితే చేతులు తుడుచుకుంటూ ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లిపోయాడు.

నోరు పడిపోవడానికి ముందు ఆ నోరు సామాన్యమైంది కాదు. దేవుడంటే చాలు వీరేందర్‌కి ఒళ్లు మండేది. ప్రవీణ పొద్దున్నే పాటందుకుంటే, "మీ యేసయ్యకు చెవుడానే? గంత గట్టిగ మొత్తుకుంటున్నవ్!" అనేవాడు. ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని బయల్దేరితే, "పో పో, నా మొగుడు సైతాన్ అని సాక్ష్యం చెప్పు పో" అనేవాడు. ప్రవీణ మాత్రం తక్కువ తిన్నదా? "సైతాన్‌కన్న దేవుడంటే జర భయముంటదట. నీకు గదీ లేదు!" అని గడప దాటేది. పిల్లల్లేని ఆ ఇంట్లో ఆ పోట్లాటే సందడి. ఇప్పుడు ఆ మనిషి కిటికీ పక్క మంచం మీద పడుకుని ఆమె వైపు చూస్తూ ఉంటే, ఒక్కసారి తిట్టరాదూ అని ఆమె ప్రాణం కొట్టుకునేది. తిట్టే మనిషి తిట్టకపోతే ఇల్లంతా బావురుమంటుందని ఆమెకి అప్పుడు తెలిసింది.

చీరలకి ఫాల్ కుట్టి, పీకో చేసే పని ఆమెది. దిల్‌సుఖ్‌నగర్ షాపు నుంచి కట్టలు తెచ్చుకుని మంచం పక్కనే మిషన్ వేసుకుంది. కుడుతూ ప్రార్థన, అన్నం కలిపి పెడుతూ ప్రార్థన, ఆయన ఒళ్లు తుడుస్తూ ప్రార్థన. అన్ని ప్రార్థనలకీ అర్థం ఒక్కటే: ఈయనకి మాటియ్యి తండ్రీ.

అట్లా శ్రమల దినాలొచ్చాయి. ఈస్టర్‌కి ముందు ఆ నలభై రోజులూ సాయంత్రం పూట ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన కూడిక పెడతారు. పక్కింటామెని కాసేపు మంచం దగ్గర కూర్చోబెట్టి ప్రవీణ కూడా వెళ్లేది. ఆ రోజు కర్మన్‌ఘాట్‌లో తిరుపతమ్మ ఇంట్లో. తిరుపతమ్మంటే సంఘంలో ఆడవాళ్లందరికీ పెద్ద దిక్కు. ఆమె కళ్లు మూసుకుందంటే గదిలో ఫ్యాన్ కూడా మెల్లగా తిరగాలి. పాటలయ్యాయి, వాక్యమయింది, సాక్ష్యాల వంతు వచ్చింది. ఒకామె జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకామె కొడుక్కి ఉద్యోగమొచ్చిందని చెప్పింది. ప్రవీణ తల దించుకుని చాప పుల్లలు లాగుతూ కూర్చుంది.

తిరుపతమ్మ ఆమెనే చూసింది. "చెల్లె, నువ్వెందుకు లేస్తలేవు?"

"నాకేం జరగలే అక్కా, ఏం చెప్పాలె?"

"జరిగినంక ఎవలైన చెప్తరు. జరగక ముందే చెప్పుడు విశ్వాసం. లే, నోటితోని ఒప్పుకో. దేవుడు చేస్తడు."

ఇది ఆ కూడికల్లో ఉన్న అలవాటే. రాబోయే మేలుకి ముందే సాక్ష్యం చెప్పేస్తారు. ప్రవీణ లేచింది. "మా ఆయన మాట్లాడుతడు" అంది. "ఆమెన్!" అన్నారందరూ. ఆ ఆమెన్ చలికాలం చాయ్‌లాగా లోపలికి దిగింది. ఎన్నాళ్లయిందో ఇంతమంది ఆమె పక్షాన నిలబడి! "ఈస్టర్ పొద్దుగాల్ల మాట్లాడుతడు" అంది. "ఆమెన్! ఆమెన్!" ఇక ఆగలేకపోయింది. "నోరు తెరిచి స్తోత్రం అంటడు. యేసయ్య నాకు చెప్పిండు."

యేసయ్య ఆమెకి ఏమీ చెప్పలేదు. అది ఆమెకి తెలుసు. ఆటోలో ఇంటికొస్తూ, చెప్పలేదంటే మాత్రం, చెయ్యకపోతాడా అనుకుంది. సరూర్‌నగర్ వచ్చేసరికి చెప్పినట్టే అనిపించింది. ఇల్లు చేరేసరికి చెప్పాడనే నమ్మేసింది. పండుగ కోసం వీరేందర్‌కి కొత్త లుంగీ కూడా కొనిపెట్టింది.

ఈస్టర్ వచ్చింది. తెల్లవారుజాము ఆరాధన అవగానే తిరుపతమ్మ తెల్లచీరల దండుని వెంటేసుకుని నేరుగా ప్రవీణ ఇంటికొచ్చింది. షరతు గుర్తున్నా ప్రవీణ అడ్డం చెప్పలేదు. ఒక్క మాట వినపడితే చాలు, ఇందిరాదేవి ఎంత అరిస్తే మాత్రమేం! అందరూ మంచం చుట్టూ నిలబడ్డారు. వీరేందర్ కొత్త లుంగీలో, నున్నగా దువ్విన తలతో, వచ్చినవాళ్ల మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూశాడు.

"బ్రదర్, స్తోత్రం అనుండ్రి" అంది తిరుపతమ్మ.

ఆయన చూశాడు.

"స్తోత్రం. స్తో... త్రం. అనుండ్రి."

వీరేందర్ పెదాలు కదిలాయి. పెదాల పక్కనుంచి కొంచెం చొంగ కారింది. ఆ తర్వాత మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు. పాటలు పాడారు, తల మీద చేతులుంచి ప్రార్థించారు, నూనె రాశారు, మళ్లీ పాడారు. ఎండ గడపలోకి వచ్చింది. పైనుంచి ఇందిరాదేవి, "ఇల్లా ఇది, చర్చా? షరతేమయిందమ్మా?" అని మొదలుపెట్టింది. ఒకామెకి ఆకలేసింది, ఒకామెకి పిల్లలు గుర్తొచ్చారు. ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కున్నారు.

తిరుపతమ్మ చివరికి మిగిలింది. ప్రవీణ చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది. "చెల్లె, ఏమనుకోకు. ఇంట్ల ఏదో అడ్డం ఉంది. దాచుకున్న పాపం ఏదన్న ఉంటే ఒప్పుకోరాదు? ఎవలకీ చెప్పను."

ప్రవీణ చెయ్యి లాగేసుకుంది. "చెప్పుమంటే చెప్పిన. లేవమంటే లేచిన. ఇప్పుడు పాపం నాదా? నడువ్ అక్కా. నూనె సీస గూడ తీస్కపో."

"గింత గరం ఎందుకు? విశ్వాసం లేనోళ్లకే కోపమొస్తది."

"నాకు విశ్వాసం లేదు. పో!"

తిరుపతమ్మ చెప్పులేసుకుంటూ గేటు దాకా వినపడేలా నిట్టూర్చింది. తలుపేసి వచ్చి ప్రవీణ మిషన్ ముందు కూలబడింది. మొగుడి మీద కోపమొచ్చింది, తిరుపతమ్మ మీద కోపమొచ్చింది, అందరికన్నా ఎక్కువగా దేవుడి మీద వచ్చింది. "సరే" అంది పైకే. "నువ్వు నోరిప్పలే, ఈయన నోరిప్పలే. ఇగ నేను గూడ ఇప్ప. నీకు నాకు బంద్."

మర్నాడు పొద్దున ఇందిరాదేవి కేక పెట్టింది. ఎవరూ రాలేదు. ఇంకో కేక పెట్టింది. చివరికి మెట్లు దిగి వచ్చి తలుపు కొట్టింది.

"ఏవైందమ్మా, గొంతు నొప్పా?"

"గొంతు మంచిగనే ఉంది ఆంటీ. పాడ."

"పాడవా! అదేంటి? నీళ్లో?"

"ఆయన్నడుగుండ్రి" అని ప్రవీణ పైకి చూపించి తలుపేసుకుంది. ఇందిరాదేవి కూడా పైకి చూసింది. అక్కడ ఆమె సొంత ట్యాంకే కనపడింది.

నీళ్లు మొదట సన్నబడ్డాయి. తర్వాత బురదొచ్చింది. తర్వాత మోటర్ గాలి పీల్చి కమురు వాసన కొట్టింది. అప్పుడు మొదలైంది అసలు రగడ. మధ్య పోర్షన్‌లో ఉండే మృదుల, ఇంట్లోంచే ల్యాప్‌టాప్ మీద పనిచేసే పిల్ల, పాత వీడియోలో ప్రవీణ పాటని పట్టుకుంది. ఫోన్‌ని తాడుకి కట్టి కేసింగ్ పైపులోకి దించి మోగించింది. బోరు ఒక్క తేన్పు తేన్చి ఊరుకుంది. ఇందిరాదేవి వెనక వీధి భజన మండలిని పిలిపించింది. పాపం వాళ్లు తాళాలతో ఎండలో కూర్చుని ఎంతో చక్కగా పాడారు. నీళ్లు రాలేదు, వాళ్లకి తాగడానికి కూడా ఇందిరాదేవి బాటిళ్లు కొనాల్సి వచ్చింది. చివరికి ఆమె తిరుపతమ్మ ఫోన్ నంబరు కూడా సంపాదించింది. తిరుపతమ్మ కంజిర పట్టుకుని వచ్చి, ప్రవీణ కిటికీకి వినపడేలా, కాలనీ అంతా దద్దరిల్లేలా పాడింది. చుక్క రాలలేదు. "ఈ ఇంటి మీదే ఏదో ఉంది" అని చెప్పి వెళ్లిపోయింది.

ట్యాంకర్లొచ్చాయి. డ్రైవర్లు ఇప్పుడు హారన్ కొట్టడం మానేసి ఈల వేస్తూ పైపు విప్పేవాళ్లు. మృదుల ఎదురుపడితే మొహం తిప్పుకునేది. వీధి కుళాయి దగ్గర ప్రవీణ బిందె పెడితే పక్కకి జరిపేసేవాళ్లు. "మొగుడి మీద కోపం మొత్తం వీధి మీద తీర్చుకుంటుందమ్మా మహాతల్లి" అని ఒకావిడ ఆమె మొహం మీదే అంది. ప్రవీణ నోటికొచ్చినట్టు తిట్టి, ఖాళీ బిందెతో ఇంటికొచ్చి, వీరేందర్ కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది.

ఇందిరాదేవి తీర్పు చెప్పేసింది. "నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసెయ్. నీళ్ల కోసం ఇచ్చాను నీకీ ఇల్లు. పాడనిదానివి నాకెందుకు?"

ప్రవీణ ఇళ్ల వేటలో పడింది. ఎండ నెత్తి మాడుస్తుంటే బాలాపూర్ వెళ్లింది, బడంగ్‌పేట్ వెళ్లింది. టులెట్ బోర్డు కనపడ్డ చోటల్లా గేటు తట్టింది. "పేషెంటా? మంచం మీదనేనా? రేపు ఏదన్న అయితే మా ఇంట్లనా? వద్దు తల్లీ" అన్నారొక చోట. "చర్చికి పోతరా? మైకులు పెడతరా?" అన్నారొక చోట. బడంగ్‌పేట్‌లో ఒక ఇంటి గుమ్మం మీద శిలువ కనపడితే ప్రవీణ ప్రాణం లేచొచ్చింది. ఇంటామె కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది, గదులు చూపించింది, అంతా బాగానే ఉంది. ఇంతలో మొహంలోకి నిదానంగా చూసి, "ఈస్టర్ నాడు మొగుడు మాట్లాడుతడని దేవుడు చెప్పిండని చెప్పింది మీరేనా?" అంది. ప్రవీణ గ్లాసు అక్కడే పెట్టి లేచొచ్చేసింది.

గడువు రానే వచ్చింది. సామాను తీసుకుపోయే వ్యాన్‌ని ఇందిరాదేవే మాట్లాడిపెట్టింది, మధ్యాహ్నానికల్లా వస్తుందని. సొంతూళ్లో వీరేందర్ అన్న ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, అక్కడికే పోవాలి. అక్కడ దవాఖాన లేదు, కుట్టుపని లేదు, ఎండకి ఆ రేకుల కింద మామూలు మనిషే నిలవలేడు. ఈయన్ని అక్కడ పడేస్తే ఎన్నాళ్లుంటాడో ఆలోచించడానికే ప్రవీణకి భయమేసింది. ఆ భయంతోనే ఆ పొద్దున చెంగు నెత్తిన కప్పుకుని, పౌరుషం చంపుకుని, మళ్లీ బోరు దగ్గరికొచ్చి కూర్చుంది.

వీధి వీధంతా గేటు దగ్గర మూగింది. పాడింది ప్రవీణ. ఒక్క అపశ్రుతి లేదు, ఎప్పటికన్నా బాగా పాడింది. ఒక పాటయింది. ఇంకోటయింది. నీళ్లు రావాలి, ఇల్లు నిలవాలి, నీళ్లు రావాలి, ఇల్లు నిలవాలి, అని పాట కింద ఇంకో పాట లోపల నడుస్తూనే ఉంది. బోరులోంచి సద్దు లేదు. ఆమె ఆపేసింది. గేటు దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు.

అప్పుడు ప్రవీణ పైపు అంచు రెండు చేతులతో పట్టుకుని కొట్లాటకి దిగింది.

"ఏమయ్యా! వినవడ్తుందా లేదా? మీ యేసయ్యకు చెవుడానే అని ఈయన అడిగినప్పుడల్ల నీ తరఫున నేను కొట్లాడిన. ఇప్పుడు నా తరఫున ఎవ్వడున్నడు? ఈయనకు మాట తీస్కుంటివి. నాకు ఉన్న ఒక్క ఇల్లు తీస్కుంటున్నవ్. ఇంకేం కావాలె నీకు?" పైపు అంచుని అరచేత్తో చరిచింది. "ఈస్టర్ అని నువ్వు చెప్పలే. నాకెరకే. నేనే చెప్పిన. నీ నోట్ల నేను మాట పెట్టిన, పెట్టి, నువ్వు తప్పినవని నీ మీదనే అలిగిన. గది నా తప్పు. అందరు వినుండ్రి, గది నా తప్పే! గని ఈయన గట్ల పడుడు నా తప్పు గాదు. గదానికి నువ్వు జవాబు చెప్పాలె. చెప్పవా? చెప్పకు. నేను మాత్రం ఏడికి పోత? తిరిగిన గల్లీ తిరగకుంట తిరిగిన, ఎవ్వడు ఇల్లిస్తలేడు. నీ ఇంట్లనే కూసుంట. ఈయన మాట్లాడినా కూసుంట, మాట్లాడకపోయినా కూసుంట. ఎల్లగొట్టు సూస్త!"

ఎవరూ కదల్లేదు. బోరు కూడా కదల్లేదు.

"అయిందా?" అంది పైనుంచి ఇందిరాదేవి. "వ్యాన్ వాడు బయల్దేరాట్ట. సామాను సర్దు."

ప్రవీణ మొహం తుడుచుకుని లోపలికి నడిచింది. చిత్రం, కడుపులో మంట కొంచెం చల్లబడింది. దుఃఖం మాత్రం అట్లాగే ఉంది. గిన్నెలు గోనెసంచిలో వేసింది. కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి కట్టింది. వ్యాన్ ఎక్కించే ముందు వీరేందర్‌కి ఒళ్లు తుడిచి పక్కబట్ట మార్చాలి. మిగిలిన నీళ్లు ఒక చెంబెడు. తువ్వాలు తడిపి మొహం, మెడ, చంకలు తుడిచింది. ఇక ఒక పక్కకి దొర్లించాలి. బరువైన మనిషి, ఆమె నడుము ఎప్పుడో పోయింది.

కష్టమైన పని చేసేటప్పుడు నాట్లేసే ఆడవాళ్లకి పాట దానంతటదే వస్తుంది. ప్రవీణకీ అట్లాగే వచ్చింది. నీళ్లు గుర్తులేవు, ఇల్లు గుర్తులేదు, ఎవరు వింటున్నారన్నదీ గుర్తులేదు. భుజం కింద చెయ్యి పెట్టి, మొదటి చరణం సగం పాటగా సగం మూలుగుగా పాడుతూ, ఆయన్ని తన మీదికి లాక్కుంది. లాగేసరికి ఊపిరి తెగింది. పాట ఆగిపోయింది.

ఆగిన చోటి నుంచి తర్వాతి మాటలు ఆమె చంక కిందనుంచి వచ్చాయి.

బొంగురు గొంతు, తుప్పు పట్టిన గేటులాంటి గొంతు. రాగం ఎటో పోయింది. కానీ మాటలు మాత్రం మాటలే, ఒక్కటీ పోలేదు. చివర్న యేసయ్య పేరు కూడా పూర్తిగా, స్పష్టంగా.

ప్రవీణ ఆయన్ని పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. "ఏమయ్యా," అంది, "నువ్వేనా?"

వీరేందర్ నోరు తెరిచాడు. "బ్... బ్..." అన్నాడు. మాట రాలేదు. కళ్లు పెద్దవి చేసి, ఎడం చేత్తో ఆమె భుజం మీద దబదబా కొట్టాడు. ఆమెకి అర్థమైంది. మొదటి చరణం మళ్లీ అందుకుంది. చివరికి రాగానే ఆగింది. ఆయన అందుకున్నాడు. రోజూ పొద్దున్నే కిటికీలోంచి విని విని తిట్టుకున్న పాట, మొత్తం ఉంది ఆయన దగ్గర.

ఆయన మొహంలో భక్తేమీ లేదు. పట్టరాని చికాకుంది. లోకంలో ఇన్ని మాటలుండగా, ఇన్ని తిట్లుండగా, తన నోట్లోంచి రావడానికి ఈవిడ యేసయ్య పాటే మిగిలిందా అన్నట్టు కనుబొమలు ముడేసి, కోపంగా పాడుతున్నాడు. ఆ మొహం చూసి ప్రవీణకి ఏడుపూ నవ్వూ కలిపి పొంగుకొచ్చాయి. పెళ్లయిన కొత్తలో కూడా ఆ మొహం అంత ముద్దుగా కనపడలేదు.

బయట ఏదో విరిగిపడ్డట్టు చప్పుడైంది. కేసింగ్ మూత ఎగిరి స్కూటర్ మీద పడింది. మోటర్ వెయ్యకుండానే నీళ్లు పైపు అంచు దాటి పొర్లి, గేటు కింద నుంచి వీధిలోకి పారాయి. మూగిన జనం కొంపలంటుకున్నట్టు ఇళ్లల్లోకి పరిగెత్తారు, ఎవరికి దొరికిన బిందె వాళ్లు పట్టుకొచ్చారు. మృదుల బేసిన్ తెచ్చింది. అప్పుడే వచ్చిన వ్యాన్ డ్రైవర్ కూడా దిగి, తన బాటిల్ నింపుకుని, మొహం కడుక్కున్నాడు.

ఇందిరాదేవి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, కాలి మడమల దాకా తడిసి గుమ్మంలోకొచ్చి నిలబడింది. "ఎవరే పాడింది?"

"ఆయనే ఆంటీ."

"మాట రాదన్నావుగా?"

"మాట రాదు. పాటొస్తది."

ఇందిరాదేవి మంచం వైపు చూసింది. ఒక పక్కకి ఒరిగి, పక్కబట్ట లేని పరుపు మీద పడి ఉన్న మనిషిని, ఇన్నాళ్లకి మొదటిసారి, సరిగ్గా చూసింది. చివరికి, "ఆ వ్యాన్ వాణ్ని పొమ్మను" అంది. "సామాను విప్పుకో." రెండడుగులు వెనక్కేసి, పాత గొంతు దొరికాక, గిరుక్కున తిరిగింది. "కానీ ఇక ఆపమను! నీళ్లన్నీ రోడ్డు పాలవుతున్నాయి!"

వీరేందర్ తల కొంచెం ఎత్తాడు. ఇంటి ఓనర్ వైపు గుడ్లురిమి చూశాడు. బస్సు నడిపే రోజుల్లో అడ్డమొచ్చిన ఆటోవాళ్లని చూసే చూపు అది. తర్వాత ఆమె మీదినుంచి కళ్లు తిప్పకుండా, ఉన్న బలమంతా పెట్టి, ప్రవీణ సాయం కూడా అడక్కుండా, పాటని మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

"ఆపమంటుంటే! ఏమ్మా, చెప్పవేం?" అని ఇందిరాదేవి అరుస్తూనే ఉంది. వీధిలో బిందెలు ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. ప్రవీణ కళ్లు తుడుచుకుని, మొగుడి తల కింద దిండు ఎత్తుగా సర్ది, రెండో చరణం అందించింది.